సెల్ఫ్ తీసుకోని కారుకు యాప్ లోన్ ఎందుకు?

ప్రశ్న: మాది ఖమ్మం. ప్రైవేటు ఉద్యోగం, నెలకు రూ.38,000 చేతికొస్తాయి. 2013 మోడల్ పెట్రోల్ వ్యాగన్ఆర్ ఉంది. కొన్ని వారాలుగా పొద్దున్నే సెల్ఫ్ తీసుకోవడం లేదు, టకటకమని ఆగిపోతోంది. తోస్తే స్టార్ట్ అవుతుంది. ఒకసారి తిరిగాక మధ్యలో ఎక్కడ ఆపినా మళ్లీ వెంటనే స్టార్ట్ అవుతోంది. గ్యారేజీలో సెల్ఫ్ మోటార్, బ్యాటరీని చార్జి చేసే ఆల్టర్నేటర్, బ్యాటరీ మూడూ మార్చాలని రూ.27,000 చెప్పారు. బ్యాంకులో రూ.6,000 ఉన్నాయి. మ్యూచువల్ ఫండ్‌లో నెలకు రూ.4,000 సిప్ కడుతున్నాను. ఒక యాప్‌లో 24 శాతం వడ్డీకి రూ.40,000 లోన్ అప్రూవ్ అయింది. మిగిలింది పిల్లల ఫీజుకు పనికొస్తుంది. తీసుకోవచ్చా?

జవాబు: వద్దు. మీలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తుంటాయి. వస్తువు మారుతుంది, ఒకరిది కారు, ఇంకొకరిది బోరు మోటారు. జరిగే పొరపాటు మాత్రం ఒకటే. ఏం పాడైందో తేలకముందే అప్పు ఖాయమైపోతుంది. పైగా అవసరం రూ.27,000 అయితే అప్పు రూ.40,000.

ముందు లెక్క చూడండి. రూ.40,000కు 24 శాతం చొప్పున ఏడాది వాయిదా నెలకు దాదాపు రూ.3,780. మొత్తం కట్టేది రూ.45,400 దాకా. ప్రాసెసింగ్ ఫీజు మూడు శాతమే అనుకున్నా జీఎస్టీతో కలిపి ఇంకో రూ.1,400. అంటే వడ్డీ, ఫీజుల కిందే రూ.6,800 పోతాయి. మీ కారుకు కొత్త బ్యాటరీ అంతకంటే తక్కువకే వస్తుంది.

ఇక కారు సంగతి. మీరు రాసిన లక్షణాల్లోనే సగం జవాబు ఉంది. తోస్తే స్టార్ట్ అవుతోందంటే పెట్రోలు అందుతోంది, స్పార్క్ వస్తోంది, ఇంజిన్ బాగానే ఉంది. తిరిగాక వెంటనే సెల్ఫ్ తీసుకుంటోందంటే మోటారు పనిచేస్తోంది, ఆల్టర్నేటర్ ఎంతో కొంత చార్జింగ్ ఇస్తోంది. రాత్రి గడిచేసరికి చార్జి నిలవడం లేదు. అనుమానం బ్యాటరీ మీద, దానికి వైర్లు తగిలించే టెర్మినల్స్ మీద పెట్టుకోవాలి. మూడూ ఒకేసారి మార్చమనడానికి ఇందులో నాకు కారణం కనిపించడం లేదు.

బానెట్ ఎత్తి టెర్మినల్స్ చూడండి. తెల్లగానో పచ్చగానో పొడి పేరుకుని ఉన్నా, క్లాంపు చేత్తో కదిలిస్తే తిరుగుతున్నా మొదటి దోషి అదే. ఇంజిన్ ఆపి, ముందు నెగెటివ్ వైరు, తర్వాత పాజిటివ్ తీయండి. వేడినీళ్లలో వంటసోడా కలిపి పాత బ్రష్‌తో రుద్ది, తుడిచి ఆరనివ్వండి. బిగించేటప్పుడు పాజిటివ్ ముందు, నెగెటివ్ చివర. పైన కాస్త వాజిలిన్ రాయండి. దీనికి పది రూపాయలు కూడా కావు.

అయినా మారకపోతే వోల్టులు కొలిచే మల్టీమీటరు పెట్టి చూడాలి. ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గర నిమిషాల పని. పొద్దున్నే తాళం తిప్పకముందు బ్యాటరీ 12.6 వోల్టులు చూపితే నిండుగా ఉన్నట్టు, 12.2 అయితే సగం, 12 కంటే తక్కువైతే దాదాపు ఖాళీ. సెల్ఫ్ కొడుతున్నప్పుడు 9.5 కిందికి పడిపోతుంటే బ్యాటరీ నీరసించింది. ఇంజిన్ నడుస్తుండగా 13.8 నుంచి 14.5 మధ్య చూపితే ఆల్టర్నేటర్‌ను ఎవరూ ముట్టుకోనక్కర్లేదు. ఇంకో పరీక్ష కూడా ఉంది. ఒక రాత్రి నెగెటివ్ వైరు తీసి ఉంచండి. పొద్దున తగిలించగానే స్టార్ట్ అయితే రాత్రంతా ఏదో కరెంటు తాగుతోందన్నమాట. తర్వాత పెట్టించిన స్టీరియో, అలారం లాంటివి ముందు చూడమనండి.

బ్యాటరీయే పోయిందని తేలితే కొనేముందు వారంటీ కార్డు వెతకండి. గడువు లోపల ఉంటే ఉచితంగానో, కొంత తగ్గింపుతోనో మార్చి ఇస్తారు. లేకపోతే పాతది ఇచ్చి కొత్తది తీసుకోండి. మీ దగ్గరున్న రూ.6,000లో అయిపోవాలి. ఒకవేళ లైట్లు బాగా వెలుగుతూ, తాళం తిప్పితే ఒక్కసారి టక్కుమని ఊరుకుంటే అప్పుడు సెల్ఫ్ మోటారు విప్పించండి. చాలాసార్లు కార్బన్ బ్రష్‌లు మారిస్తే సరిపోతుంది, కొత్త మోటారు అక్కర్లేదు. ఇన్సూరెన్స్ క్లెయిమ్ అవుతుందేమో అనుకోకండి, అరుగుదల, ఎలక్ట్రికల్ బ్రేక్‌డౌన్ మామూలు పాలసీలో రావు.

నన్ను కంగారు పెట్టింది మీ కారు కాదు, ఆ రూ.6,000. పిల్లలున్న ఇంట్లో బ్యాంకులో ఉన్నది వారం రోజుల ఖర్చు! రేపు ఒకరికి డెంగీ వచ్చినా, ఒక నెల జీతం ఆలస్యమైనా మళ్లీ అదే యాప్ తెరుస్తారు. ఈసారి రేటు కూడా అడగరు. సిప్ కడుతున్నాం కదా అన్న ధీమా ఇక్కడ పనికిరాదు. మార్కెట్ పడిన రోజే డబ్బు అవసరమైతే నష్టానికి అమ్ముకోవాల్సి వస్తుంది. ఈ నెల నుంచే సిప్ ఆపండి. ఆ రూ.4,000 జీతం పడిన రోజే వేరే ఖాతాకు వెళ్లిపోయేలా పెట్టుకోండి. దానికి యూపీఐ, డెబిట్ కార్డు కలపొద్దు. ఎనిమిది నెలల్లో రూ.32,000 అవుతుంది. బోనస్ వస్తే అదీ అందులోకే. మూడు నెలల ఇంటి ఖర్చు చేరేదాకా సిప్ ఊసెత్తకండి. ఇదే మీ అత్యవసర నిధి. టర్మ్ పాలసీ, ఆరోగ్య బీమా ప్రీమియంలు మాత్రం ఆపొద్దు.

పాత కారు రిపేరు అనుకోని ఖర్చు కాదు. పన్నెండేళ్లు దాటిన బండికి టైర్లో, క్లచ్చో, ఏదో ఒకటి వస్తూనే ఉంటుంది. దానికి నెలకు రూ.1,000 విడిగా తీయండి, అత్యవసర నిధిని ముట్టుకోకండి. మీ ఆర్‌సీకి 2028లో పదిహేనేళ్లు నిండుతాయి. రెన్యువల్ ఫీజే రూ.5,000, ఫిట్‌నెస్ కోసం చేయించే పనులు అదనం. ఆ డబ్బు ఈ రూ.1,000లోంచే రావాలి.

బంగారం మీద లోన్ వడ్డీ తక్కువే, కానీ మీకిప్పుడు అదీ అక్కర్లేదు. కారు అమ్మి ఇంకోటి కొనడం గురించి 2028 దగ్గరపడ్డాక ఆలోచించండి. ఫీజు సంగతి స్కూలు వాళ్లతో మాట్లాడి రెండు మూడు విడతలు అడగండి.

లోన్ డబ్బు ఇంకా ఖాతాలో పడకపోతే ఈరోజే దరఖాస్తు రద్దు చేయండి. పడిపోయి ఉంటే ఒప్పందంలో కూలింగ్ ఆఫ్ గడువు, అంటే లోన్ వద్దనుకుని వెనక్కి కట్టేయడానికి ఇచ్చే గడువు, ఎన్ని రోజులుందో చూడండి. ఆ లోపల అసలు, ఆ రోజుల వడ్డీ తిరిగి కడితే ముందస్తు చెల్లింపు పెనాల్టీ ఉండదు, ప్రాసెసింగ్ ఫీజులో కొంత పోవచ్చు. ఆ తర్వాత ఫోన్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి కాంటాక్టులు, ఫొటోలకు యాప్‌కిచ్చిన అనుమతులు తీసేసి, యాప్‌నూ తీసేయండి.