నోటు వెనక వేసిన చెల్లు మీదే ఉంది మీ కేసంతా

ప్రశ్న: మాది పల్నాడు జిల్లాలో ఒక పల్లె. 2021 జూన్ 12న మా వారి మేనత్త కొడుకు దగ్గర రెండు లక్షలు రెండు రూపాయల వడ్డీకి తీసుకున్నాం. ప్రాంసరీ నోటు మీద మా వారు, నేను ఇద్దరం సంతకం చేశాం. డబ్బు వాడుకున్నది మా వారే. 2022 జనవరి 10న నలభై వేలు ఆయన భార్య నంబరుకు ఫోన్‌పే చేశాం. ఆ ఏడాదే మా వారు కాలం చేశారు. దినాల నాడే ఇంటికొచ్చి బాకీ అడిగాడు, నలుగురిలో నా పరువు తీశాడు. ఇప్పుడు జూనియర్ సివిల్ జడ్జి కోర్టులో దావా వేశాడు. 2024 జూన్ 5న నేను వెయ్యి రూపాయలు కట్టి నోటు వెనక సంతకం చేశానట. ఆ వారమంతా నేను హైదరాబాద్‌లో మా అమ్మాయి కాన్పు దగ్గర ఉన్నాను. పది పన్నెండు రోజుల కిందట సమన్లు వస్తే నేను ఇంట్లో లేక మా అత్తగారు తీసుకున్నారు. మీ చేతికి ఇవ్వలేదు కాబట్టి వెళ్లనక్కర్లేదని ఒకరు, అసలు నోటే నాది కాదని చెప్పమని ఇంకొకరు అంటున్నారు. లక్షన్నరకు కొత్త నోటు రాసిస్తే కేసు తీసేస్తానని ఆయన కబురు పంపాడు. నేనెప్పుడూ కోర్టు మెట్లు ఎక్కినదాన్ని కాదు. ఏం చేయాలి?

జవాబు: దినాల నాడు వచ్చి అడిగాడా, పరువు తీశాడా అన్నది ఈ దావాలో ఎవరూ విచారించరు. డబ్బు మీ వారే వాడుకున్నారన్న మాటా పనికిరాదు. ఇద్దరు కలిసి రాసిచ్చిన నోటు మీద ఇద్దరిలో ఎవరినైనా మొత్తం బాకీ అడగవచ్చని కాంట్రాక్టు చట్టం 43వ సెక్షన్ చెబుతోంది. మీ ఉత్తరంలో కేసును తేల్చే విషయం ఒక్కటే, 2024 జూన్ 5 నాటి ఆ చెల్లు, అంటే కొంత సొమ్ము ముట్టిందని నోటు వెనక రాసిన రాత.

అడిగినప్పుడు ఇస్తామని రాసిన నోటు మీద దావా వేయడానికి గడువు నోటు తేదీ నుంచి మూడేళ్లు. మామూలుగా మీ నోటుకు అది 2024 జూన్ 12తో అయిపోవాలి. కానీ కరోనా వల్ల 2022 ఫిబ్రవరి 28 దాకా ఉన్న కాలాన్ని సుప్రీంకోర్టు గడువు లెక్కలోంచి తీసేసింది, కాబట్టి 2025 ఫిబ్రవరి 28తో అయిపోయింది. మీరు పంపిన దావా ప్రతి మీద దాఖలు తేదీ 2025 మార్చి 3. మూడు రోజులు దాటింది. అయితే లిమిటేషన్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం, గడువు లోపల కొంత సొమ్ము కట్టి, కట్టినవారే స్వయంగా రాసినా సంతకం చేసినా, ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు లెక్క మొదలవుతుంది. నోటుకు మూడేళ్లు నిండడానికి ఇంకో వారం ఉందనగా వెయ్యి రూపాయల చెల్లు ఎందుకు పుట్టిందో ఇప్పుడు మీకు అర్థమై ఉండాలి. ఆ సంతకం మీదని తేలితే దావా నిలుస్తుంది. కాదని తేలితే గడువు దాటిన దావాగా కొట్టేయాల్సిందే. మీ నలభై వేల ఫోన్‌పేను ఎంత లాగినా లెక్క 2025 ఫిబ్రవరి 28 దాటదు, కాబట్టి దానివల్ల ఆయనకు గడువు కలిసిరాదు. పైగా దావాలో ఆ నలభై వేల ఊసే లేదు. అది మీరు ఎత్తి చూపాల్సిన సంగతి.

గడువు దాటిన దావాను ప్రతివాది అడగకపోయినా కోర్టే కొట్టేయాలని చట్టంలో ఉన్న మాట నిజం. దాన్ని నమ్ముకుని ఇంట్లో కూర్చోకండి. కాగితం మీద చెల్లు కనిపిస్తోంది, అందులో మీ పేరున సంతకం ఉంది. అది నాది కాదని చెప్పే మనిషి కోర్టులో లేకపోతే జడ్జిగారు దాన్ని కాదనడానికి ఆధారం ఏముంటుంది?

ఇక సమన్ల సంగతి. అమ్మా, ఇక్కడ మిమ్మల్ని కోప్పడక తప్పదు. ‘పది పన్నెండు రోజుల కిందట’ అంటే ఏ రోజు? కోర్టు కాగితం అందిన తేదీ రాసి పెట్టుకోకపోతే ఎలా? మీరు ఊళ్లో లేనప్పుడు మీతో కలిసి ఉండే పెద్దవారు ఎవరు తీసుకున్నా, ఆడవారైనా సరే, సమన్లు మీకు అందినట్టే. అమీనా (కోర్టు బంట్రోతు) తెచ్చిన కాగితాన్ని వద్దని తిప్పి పంపినా అందినట్టే లెక్కిస్తారు. ఆ తేదీ నుంచి జవాబు దావా వేయడానికి మీకు ముప్పై రోజులు. సరైన కారణం చూపిస్తే కోర్టు తొంభై రోజుల దాకా పొడిగించవచ్చు. ఆ తర్వాత కూడా కొన్ని కోర్టులు ఖర్చులు వేసి ఒప్పుకుంటున్నాయి గాని, అది మీ హక్కు కాదు. అత్తగారిని అడిగి, సమన్ల మీద ఆమె వేసిన సంతకం ఏ తేదీదో ఇవాళే తేల్చుకోండి. ఇంకొకటి, సమన్లలో ఆర్డర్ 37 అని ఉందేమో చూడండి. ఉంటే అది త్వరగా తేల్చేసే సమ్మరీ దావా, హాజరు పత్రం పది రోజుల్లోనే వేయాలి. అలా ఉంటే ఈ జవాబు పూర్తిగా చదివేదాకా కూడా ఆగకుండా వకీలు దగ్గరికి వెళ్లండి.

వాయిదాకు పోకపోతే మిమ్మల్ని ఎక్స్‌పార్టీ చేసి, అంటే మీరు రాలేదని రాసుకుని, ఆయన వైపు డిక్రీ ఇస్తారు. దాన్ని రద్దు చేయించుకోవడానికి డిక్రీ తేదీ నుంచి ముప్పై రోజులే గడువు. సమన్లు అందనివారికైతే తెలిసిన రోజు నుంచి లెక్క. మీకు ఆ వెసులుబాటు లేదు, అత్తగారు తీసుకున్నారు కదా. ఈపీ (డిక్రీ అమలు పిటిషన్) వేసి ఇల్లు జప్తుకు వచ్చినప్పుడు తెలిసిందని ఏడుస్తూ వచ్చేవాళ్లను నా ఆఫీసులో చాలామందిని చూశాను.

కొత్త నోటు మీద మాత్రం చచ్చినా సంతకం పెట్టకండి. గడువు దాటిన బాకీ అయినా సరే, ఇస్తానని రాసి సంతకం చేస్తే అది చెల్లే ఒప్పందమేనని కాంట్రాక్టు చట్టం 25వ సెక్షన్‌లో ఉంది. ఇప్పుడు ఆయన చేతిలో ఉన్నది మీరు కాదంటున్న చెల్లు. మీరు సంతకం చేస్తే ఆయనకు దక్కేది ఎవరూ కాదనలేని నోటు. కేసు తీసేస్తానన్న మాటకు కాగితం ఉండదు, మీ సంతకానికి ఉంటుంది. వాయిదా రోజు కోర్టు వరండాలో ఎవరైనా తెల్లకాగితం చూపించి ‘ఇక్కడ ఒక్క సంతకం పెట్టండి, రాజీ అయిపోతుంది’ అన్నా అదే మాట. రాజీ కావాలంటే జవాబు దావా వేశాక లోక్ అదాలత్‌లో, మీ వకీలు పక్కన ఉండగా చేసుకోవచ్చు. అక్కడి అవార్డు (రాజీ తీర్పు) మీద అప్పీలు ఉండదు కాబట్టి ప్రతి అక్షరం చదివించుకున్నాకే ఒప్పుకోండి.

నోటే నాది కాదని చెప్పమన్నవారు మీకు మేలు కోరినవారు కాదు. ముందువైపు సంతకం మీదే. దాన్ని కాదని ప్రమాణం చేసి అబద్ధమాడితే అదే ఒక నేరం, పైగా వెనకవైపు సంతకం గురించి మీరు చెప్పే నిజాన్ని కూడా ఎవరూ నమ్మరు. నోటు రాశాం, నలభై వేలు కట్టాం, చెల్లు నాది కాదు, దావా గడువు దాటింది. జవాబు దావాలో ఈ నాలుగూ విడివిడిగా, తేదీలతో ఉండాలి. ఊరికే ‘ఆరోపణలన్నీ అబద్ధం’ అని రాస్తే చాలదు. స్పష్టంగా కాదనని సంగతిని ఒప్పుకున్నట్టే తీసుకుంటారు.

సాక్ష్యం సంగతికొస్తే, చెల్లు నిజమని రుజువు చేయాల్సిన భారం ఆయనదే. అయినా మీ దగ్గరున్నది మీరు తెచ్చుకోండి. 2024 నాటి మీ సంతకాలు ఎక్కడున్నాయి? బ్యాంకు విత్‌డ్రాయల్ ఫారాలు, పొదుపు సంఘం తీర్మానాల పుస్తకం, ఏదైనా రిజిస్టరు పత్రం. చేతిరాత నిపుణుడికి పంపితే ఆ కాలపు సంతకాలతోనే సరిపోల్చాలి. కేసు మొదలయ్యాక చేసిన సంతకాలకు విలువ తక్కువ. అందుకే వకీలుకు అధికారమిచ్చే వకాల్తా కాగితం మీద మీరు రోజూ చేసేలాగే సంతకం చేయండి, మార్చి చేస్తే అనుమానం మీ మీదికే వస్తుంది. జూన్ 5 నాటికి మీరు హైదరాబాద్‌లో ఉన్నారనడానికి మీ అమ్మాయి డిశ్చార్జి సమ్మరీ ఒక్కటే చాలదు, అది ఆమె అక్కడున్నట్టు చెబుతుంది గాని మీరున్నట్టు కాదు. మీ పేరున్న రైలు టికెట్, ఆ రోజుల్లో మీ ఫోన్ నుంచి అక్కడి దుకాణాలకు కట్టిన డబ్బుల వివరం వెతకండి. నలభై వేలకు ఫోన్‌పే స్క్రీన్‌షాట్ నమ్ముకోవద్దు. బ్యాంకుకు వెళ్లి 2022 జనవరి స్టేట్‌మెంట్ ముద్రతో తీసుకోండి. ఆయనకు వాట్సాప్‌లో ‘వచ్చే నెల ఇస్తాను’ లాంటిది ఎప్పుడైనా రాసి ఉంటే అది బాకీ ఒప్పుకున్నట్టు అవతలివారు చూపించే వీలుంది. దాన్ని చెరిపేయకండి, దాచకండి, మీ వకీలుకు ముందే చూపించండి.

కోర్టు మెట్లు ఎక్కడమంటే భయపడుతున్నారు. ఇది సివిల్ దావా, మిమ్మల్ని ఎవరూ అరెస్టు చేయరు. వకాల్తా వేస్తే మొదటి వాయిదాకు మీ వకీలు హాజరైనా సరిపోతుంది. మీరే వెళ్లేటట్టయితే పదిన్నరకు ముందే చేరండి, పొద్దున్నే పిలుపు మొదలవుతుంది. సమన్ల మీద ఓఎస్ నంబరు (దావా నంబరు), సంవత్సరం, ఏ కోర్టో ఉంటాయి. ఒకే ఆవరణలో రెండు మూడు కోర్టులుంటే తప్పు హాల్లో కూర్చుని పిలుపు పోగొట్టుకునేవారు ఎక్కువ, కాబట్టి బెంచ్ క్లర్కును నంబరు చెప్పి అడగండి. ఫోను ఆపేయండి, హాల్లో ఫొటోలు తీయకండి. పేరు పిలిస్తే ముందుకెళ్లి నిలబడి, వకీలును పెట్టుకోవడానికి సమయం కావాలని ఒక్క ముక్క చెప్పండి. కథంతా ఆ రోజు చెప్పాల్సిన పని లేదు, చెప్పనివ్వరు కూడా. తర్వాతి వాయిదా తేదీ రాసుకునే బయటికి రండి.

ఫీజుకు డబ్బు లేదని ఆగకండి. 1987 నాటి న్యాయ సేవల అథారిటీల చట్టం ప్రకారం స్త్రీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. మీ కోర్టు ఆవరణలోనే మండల న్యాయ సేవల కమిటీ ఉంటుంది. అక్కడ అర్జీ ఇవ్వండి, లేదా 15100కు ఫోన్ చేయండి. వకీలు కుదరగానే మొదట చేయించాల్సిన పని నోటు ముందువైపు, వెనకవైపు రెండింటికీ కాపీ అప్లికేషన్ పెట్టించడం. మీరు నాకు పంపిన కట్టలో నోటు ముందువైపే ఉంది. వెనకవైపు సంతకాన్ని మీరింకా మీ కళ్లతో చూడనే లేదు.