ఆలోచనలు ఆగకపోతే: పలక, బలపం, ఆరు చుక్కలు

మీరు అడిగింది ఇదీ: ఉద్యోగం మానేసి ఆరు నెలలైంది, పొద్దుగూకితే చాలు అవే ఆలోచనలు బుర్రలో గిర్రున తిరుగుతున్నాయి, కౌన్సెలర్ ఏదైనా చేతిపని పెట్టుకోమన్నారు. పెద్దవాళ్ల రంగుల పుస్తకం కొంటే పది రోజులకే విసుగొచ్చింది. బొమ్మలు గీయడం రాదు. ఉండేది అపార్ట్‌మెంట్‌లో. మరి ఏ పని పెట్టుకోవాలి? పలక మీద మెలికల ముగ్గు పెట్టుకోండి అంటాను.

రంగుల పుస్తకంలో తప్పేం లేదు. కాకపోతే కొన్నాళ్లకు చెయ్యి దాని పని అది చేసుకుపోతుంది, మనసుకు మాత్రం పనుండదు. అది ఊరికే కూర్చుంటుందా, పాత గొడవ ఎత్తుకుంటుంది. పోనీ తెల్లకాగితం తీసుకుందామంటే ఏం గీయాలన్నదే ఇంకో బెంగ. 2005లో అమెరికాలో కర్రీ, కాసర్ అనే పరిశోధకులు 84 మంది కాలేజీ విద్యార్థులతో ఒక చిన్న పరీక్ష చేశారు. గుండ్రటి మండల డిజైనుకో, గళ్ల డిజైనుకో రంగులు వేసినవాళ్లకు ఆందోళన బాగా తగ్గింది, తెల్లకాగితం మీద ఇష్టమొచ్చింది వేసినవాళ్లకు అంతగా తగ్గలేదు. దీన్ని పట్టుకుని వైద్యం అనకూడదు గానీ, మనకు కావాల్సిన ముక్క అందులో ఉంది: దారి ముందే గీసి ఉండాలి, ఆ దారిలో నడవడానికి మాత్రం బుర్ర పెట్టాల్సి రావాలి.

ఈ రెండూ ఉన్నది మెలికల ముగ్గులో. కొన్ని ఊళ్లలో తిప్పుడు ముగ్గంటారు. గీత ఏ చుక్కనూ తాకదు, ప్రతి చుక్కనూ చుట్టివస్తుంది, మొదలైన చోటికే చేరుతుంది. బొమ్మలు రావడంతో దీనికి పనే లేదు. ముగ్గులంటే ఆడవాళ్ల పనేగా అని ఆగిపోయే మగవాళ్లకు ఒక మాట: పలక మీద ఇది అచ్చంగా లెక్క.

నేల జోలికి ఇప్పుడే పోకండి. రాతి పలక, బలపం చాలు. ప్లాస్టిక్ పలక మీద బలపం జారుతుంది. పై వరుసలో మూడు చుక్కలు, సరిగ్గా వాటి కింద మూడు, అన్నిటి మధ్యా రెండు వేళ్ల ఎడం. పైవి ఎడమ నుంచి 1, 2, 3. కిందవి 4, 5, 6 అనుకోండి.

4కి ఎడమ పక్కన మొదలుపెట్టి వాలుగా పైకి, 4కీ 1కీ మధ్య నుంచి, 1కీ 2కీ మధ్య నుంచి 2 నెత్తి మీదికి. అక్కణ్నుంచి దిగుతూ 2కీ 3కీ మధ్య, 3కీ 6కీ మధ్య దూరి, 6ని కుడి నుంచి చుట్టి దాని కిందికి. మళ్లీ పైకి: 6కీ 5కీ మధ్య, 5కీ 2కీ మధ్య, 2కీ 1కీ మధ్య, 1 నెత్తి మీదుగా దాని ఎడమ పక్కకు. మళ్లీ కిందికి: 1కీ 4కీ మధ్య, 4కీ 5కీ మధ్య, 5 కిందుగా. ఇంకోసారి పైకి: 5కీ 6కీ మధ్య, 6కీ 3కీ మధ్య, 3ని కుడి నుంచి చుట్టి నెత్తి మీదికి. ఇక ఇంటికి: 3కీ 2కీ మధ్య, 2కీ 5కీ మధ్య, 5కీ 4కీ మధ్య, 4 కిందుగా మొదలుపెట్టిన చోటికి.

చదువుతుంటే తల తిరుగుతుంది. మొదట బలపం లేకుండా వేలితో రెండుసార్లు తిరగండి, మూడోసారికి చెయ్యి పట్టేస్తుంది. గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే: రెండు చుక్కల మధ్య గీత ఎప్పుడూ ఏటవాలుగా దాటాలి, అంచుకు వచ్చినప్పుడు మాత్రం వంపు తిరగాలి. అయ్యాక గీత తనను తాను కోసుకున్న చోట్లు, అంటే మెలికలు, లెక్కపెట్టండి. ఏడు రావాలి. ఆరే వచ్చాయంటే ఎక్కడో దాటాల్సిన చోట వెనక్కి తిరిగారు. ముందు 5కీ 2కీ మధ్య చూడండి, చుట్టూ చుక్కలున్న చోట కన్ను దారి తప్పొచ్చు.

ఆరు చుక్కలు చూడకుండా వచ్చేశాక 3 వరుసలు, వరుసకు 4 చుక్కలు వేయండి, 17 మెలికలు. తర్వాత 4 వరుసలు, వరుసకు 5 చుక్కలు, 31 మెలికలు. మధ్యలో ఎవరో ఒకరు 3 వరుసలు, 3 చుక్కలు వేసి ‘గీత మధ్యలోనే మూసుకుపోయింది, నాకు రాదు’ అని పలక పక్కన పెట్టేస్తారు. వాళ్ల తప్పేం లేదు. ఇలా దీర్ఘచతురస్రంగా పేర్చిన చుక్కల్లో ఎన్ని విడి గీతలు పడతాయో వరుసల సంఖ్య, చుక్కల సంఖ్యల గ.సా.భా. (రెండిటినీ శేషం లేకుండా భాగించే అతిపెద్ద సంఖ్య) చెబుతుంది. 3, 4కి ఒకటి; 3, 3కి మూడు; 4, 6కి రెండు. ఆరో తరగతి లెక్క ఇన్నేళ్లకు ఇలా పనికొచ్చింది. ఒక్క గీతతో అయ్యేవే ఎంచుకోండి. బలపం ఎత్తితే మనసు జారిపోతుంది.

పడుకోవడానికి గంట ముందు, 20 నిమిషాలు. టీవీ వద్దు, ఫోన్ పక్క గదిలో. తప్పు పడితే ఒక్కసారి మాత్రం తుడిచి మళ్లీ వేయండి, రెండోసారీ తప్పితే అలాగే వదిలేసి లేవండి. అయిపోయిన ముగ్గును ఫొటో తీయొద్దు, స్టేటస్‌లో అసలే పెట్టొద్దు. ఎన్ని లైకులొచ్చాయో చూసుకోవడం మొదలైతే మీరు తప్పించుకోవాలనుకున్న చోటికే మళ్లీ వెళ్తారు. తడిగుడ్డతో తుడిచేయండి, అంతే.

నెల గడిచాక నేల మీద వేయాలనిపిస్తే, ఫ్లాట్‌లో రెండడుగుల ప్లైవుడ్ ముక్కకు బ్లాక్‌బోర్డ్ పెయింట్ రెండు పూతలు వేయించండి. మెరిసే ఎనామిల్ మీద పొడి నిలవదు. చుక్కల మధ్య ఎడం బెత్తెడు. ఉత్త బియ్యప్పిండి చెమటకు వేళ్లకు అంటుకుని గీత తెగిపోతుంది, మూడు వంతుల ముగ్గుపొడికి ఒక వంతు కలిపి జల్లిస్తే జారుతుంది. ఎటు తిరగాలా అని చెయ్యి ఆగిన చోట పొడి కుప్ప పడుతుంది. ఆ కుప్పలు మిమ్మల్ని మీరు చూసుకునే అద్దం లాంటివి: ఆ రోజు మనసు ఎన్నిసార్లు ఎటో పోయిందో అన్ని కుప్పలు. నడుము వంచి వేయకండి, పీట మీద కూర్చోండి. ఉబ్బసం ఉంటే పొడి మానేసి తడి ముగ్గు వేయండి: గుప్పెడు బియ్యం మూడు గంటలు నానబెట్టి, మెత్తగా రుబ్బి, మజ్జిగంత పలచన చేసి, గుడ్డ ముక్క ముంచి పిండుతూ ఉంగరపు వేలి మీదుగా జారనివ్వాలి. గీసేటప్పుడు సరిగా కనబడదు, ఆరాకే తెల్లబడుతుంది. తొందరపడి రెండోసారి పోస్తే గీతలు కలిసిపోతాయి. నున్నటి టైల్స్ మీద ఇది పరుచుకుపోతుంది, సిమెంటు గచ్చు మీదే బాగుంటుంది.

ఒక జాగ్రత్త. అన్నీ సమానంగా లేకపోతే ఊపిరాడనట్టు అనిపించేవాళ్లకు, చేసిందే పదిసార్లు సరిచూసుకునేవాళ్లకు ఈ పని ఎదురు తిరగొచ్చు. అలా ఉంటే ముందు మీ కౌన్సెలర్‌కు చెప్పండి. మీకు మట్టి పిసికి ప్రమిదలు చేయడం మేలేమో, అందులో వంకర ఉన్నా ఎవరూ లెక్కపెట్టరు. క్రోషే (కొక్కెం సూదితో దారం అల్లడం) కూడా బాగానే ఉంటుంది గానీ నేర్పే మనిషి పక్కన లేకపోతే మొదటి వారంలోనే దారం చిక్కుపడి కోపం వస్తుంది.

మందులు వాడుతుంటే ముగ్గు చూసుకుని అవి మానేయకండి. రెండు వారాలుగా నిద్ర, ఆకలి లేకపోయినా, బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా పలక పక్కన పెట్టి సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్లండి. అర్ధరాత్రైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

లేవబుద్ధి కాని రోజుల్లో మంచం మీదే కూర్చుని ఆరు చుక్కలు పెట్టి వదిలేయండి. గీత రేపు తిప్పొచ్చు.