కుక్కను పెంచుకుంటే ఇంటిల్లిపాదికీ మంచిదేనా?

ప్రశ్న: మా బాబుకు తొమ్మిదేళ్లు. కుక్కపిల్ల కావాలని ఒకటే గొడవ. చిన్నప్పుడు వాడికి పిల్లికూతలు వచ్చేవి, ఇప్పుడు బాగా తగ్గాయి. మామయ్యగారికి 72 ఏళ్లు, బీపీకి మందులు వాడుతున్నారు. అత్తయ్యగారు పోయాక ఎవరితోనూ సరిగా మాట్లాడటం లేదు. కుక్క ఉంటే ఇంట్లో అందరికీ టెన్షన్ తగ్గుతుందని అంటున్నారు. నిజమేనా?
- ఒక పాఠకురాలు

డాక్టర్ సలహా: నిజమే. కాకపోతే ఆ మేలు ఎక్కువగా దాని పనులు చూసుకునేవాళ్లకే దక్కుతుంది. ఊరికే ఇంట్లో ఉంటే సరిపోదు.

మీ మామయ్యగారినే తీసుకోండి. తోడు పోయినవాళ్లకు పొద్దున్నే లేవడానికి కారణమంటూ కనిపించదు. కుక్కకు వేళకు తిండి పెట్టాలి, బయటకు తిప్పాలి. రోజుకు అరగంట చొప్పున వారంలో ఐదు రోజులు చురుగ్గా నడిస్తే, ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే 150 నిమిషాల వ్యాయామం అయిపోయినట్టే. పైగా కుక్కతో వెళ్తుంటే దారిలో ఎవరో ఒకరు ఆగి పలకరిస్తారు. నా దృష్టిలో ఆ నాలుగు మాటలే ఆయనకు అసలు మందు. కుక్కను నిమురుతున్నప్పుడు బీపీ కాస్త తగ్గే మాట వాస్తవమే గానీ, మాత్రలు మానకూడదు. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ కూడా 2013లో, కుక్కను పెంచుకునేవారికి గుండె జబ్బు ముప్పు తగ్గే అవకాశం ఉందంటూనే, కేవలం అందుకోసమే తెచ్చుకోవద్దని చెప్పింది.

ఇంతకీ ఆయనకు ఇష్టమేనా? ‘తాతయ్యకు కాలక్షేపం’ అంటూ చాకిరీ అంతా పెద్దవాళ్ల నెత్తిన వేసే ఇళ్లు చాలానే ఉన్నాయి. ఆయన సరేనన్నా, కాళ్లకు అడ్డం పడే కూన వద్దు, గొలుసు లాగని నెమ్మదైన పెద్ద కుక్క మేలు. ఈ వయసులో కింద పడితే తుంటి ఎముక విరగొచ్చు. ఆయనకు నిద్ర, ఆకలి తగ్గినా, బతకాలని లేదన్నట్టు మాట్లాడినా కుక్క సంగతి పక్కన పెట్టి ముందు మానసిక వైద్యులకు చూపించండి.

ఇక బాబు. అలర్జీ బొచ్చు వల్ల వస్తుందని చాలామంది అనుకుంటారు. నిజానికి కారణం కుక్క లాలాజలంలో, చర్మం నుంచి రాలే పొట్టులో ఉండే ప్రొటీన్లు. కాబట్టి ‘ఈ జాతితో అలర్జీ రాదు’ అనే అమ్మకందారుల మాట నమ్మకండి. పుట్టిన ఏడాదిలోపే కుక్కతో పెరిగిన పిల్లల్లో ఆస్తమా కొంత తక్కువని స్వీడన్‌లో 2015లో వచ్చిన అధ్యయనం చెప్పింది. తొమ్మిదేళ్లవాడికి ఆ లెక్క వర్తించదు. ముందు అలర్జీ పరీక్ష చేయించండి. కుక్క ఉన్న తెలిసినవాళ్లింటికి నాలుగైదుసార్లు తీసుకెళ్లి, ఆయాసం, తుమ్ములు వస్తున్నాయేమో గమనించండి. ఏమీ రాకపోయినా పడగ్గదిలోకి మాత్రం కుక్కను రానివ్వొద్దు. నీళ్లు పెట్టడం, దువ్వడం వాడికి అప్పగించొచ్చు, మొత్తం బాధ్యత మాత్రం పెద్దవాళ్లదే.

తెచ్చుకుంటే రేబిస్ టీకా, నులిపురుగుల మందు పశువైద్యులు చెప్పిన వేళకు వేయించండి. ఎప్పుడైనా కరిచినా, గోరు గీరుకుని రక్తం వచ్చినా ధారగా పడే నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, ఏ పూతా పూయకుండా వెంటనే డాక్టర్ దగ్గరకు వెళ్లండి. టీకాలు వేసిన మన కుక్కే కదా అని ఊరుకోవద్దు.