అంచు విప్పిన చోట మిగిలే గీత

చిరంజీవి మేనకోడలికి అత్తయ్య దీవించి రాయునది.

1950ల నాటి ఇంగ్లండులోని కెంట్ ప్రాంతపు పల్లెలో జరిగే హాస్య ధారావాహికకు పిల్లల దుస్తుల బాధ్యత నీకు అప్పగించారని తెలిసి ఎంతో సంతోషించాను. ఇంగ్లండులో దుస్తుల విభాగాల్లో ముప్ఫై ఏళ్లకు పైగా పనిచేసినదాన్ని కనుక, నీవు అడిగినవాటికి నా అనుభవంలో రుజువైనంత మేరకు జవాబు రాస్తున్నాను. పెద్దల దుస్తుల గురించి చెప్పేవారు నీకు చాలామంది దొరుకుతారు. పిల్లల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ కాలపు నమూనాను సరిగ్గా పట్టుకునేవారు కూడా, ఆ గౌను ఆ బిడ్డ ఒంటిమీదకు ఏ దారిన వచ్చిందో ఆలోచించరు. అక్క విడిచినదా, అమ్మ పాత లంగా కత్తిరించి కుట్టినదా, పండుగకు కొన్నదా అన్నది ప్రతి బట్టకూ నీకు తెలిసి ఉండాలి.

కథ సరిగ్గా ఏ ఏడాదిలో జరుగుతుందో మొదటే దర్శకుణ్ణి అడుగు. ‘యుద్ధం తరువాత’ అన్న ఒక్క మాటతో తృప్తిపడవద్దు. బ్రిటన్‌లో బట్టల రేషన్ 1941 జూన్ 1న మొదలై 1949 మార్చి 15న ముగిసింది. ఒక్కో బట్టకు కొన్ని చొప్పున ఇవ్వాల్సిన కూపన్లు మొదట్లో పెద్దవారికి ఏడాదికి 66 మాత్రమే దక్కాయి. ‘సీసీ 41’ ముద్ర ఉన్న ప్రభుత్వ ప్రమాణపు బట్టలు 1952 వరకు అంగళ్లలో కనిపించాయి. మిఠాయిలకు 1953 ఫిబ్రవరిలోనూ, చివరగా మాంసానికి 1954 జూలైలోనూ రేషన్ ఎత్తివేశారు. కథ 1953లో జరుగుతుందనుకుంటే, అందులోని పదేళ్ల పిల్ల 1943లో పుట్టినది; ఆమెకు ఆరేళ్లు వచ్చే దాకా కూపను లేకుండా ఒక్క కొత్త గౌను కూడా కొనలేదు. పాత బట్టలను మరమ్మతు చేసి వాడుకొమ్మని ప్రభుత్వమే 1943లో పుస్తకం వేసి చెప్పిన రోజులవి. రేషన్ పోయినంత మాత్రాన ఆ తల్లి చేతికి అలవాటైన పొదుపు పోదు. చిరిగిన చొక్కాకు గుండీలు కోసి డబ్బాలో వేసుకున్న తరువాతే ఆమె దానిని ఇల్లు తుడిచే గుడ్డగా మారుస్తుంది.

నీ చిన్నప్పుడు మీ నాయనమ్మ నీ పరికిణీలకు కింద మూడు టక్కులు వేసి కుట్టించి, నీవు ఎదిగినకొద్దీ ఏటా ఒకటి విప్పేది, గుర్తుందా? ఇంగ్లండు పల్లెల్లో తల్లులు చేసింది కూడా ఇదే. గౌను అంచును నాలుగైదు అంగుళాలు లోపలికి మడిచి కుట్టి, పిల్ల పొడుగైనప్పుడు విప్పి దించేవారు. విప్పిన తరువాత పాత మడత ఉన్నచోట ఒక గీత మిగులుతుంది. ఆ గీతకు పైన బట్ట ఎండకూ ఉతుకులకూ వెలిసి ఉంటుంది, కింద అసలు రంగు ఇంకా తేటగా ఉంటుంది, మడత అంచు అరిగి తెల్లబారి ఉంటుంది. కెమెరా పిల్లల మోకాళ్ల ఎత్తుకు దిగిన ప్రతిసారీ ఈ గీత కనబడుతుంది. దానిని రంగు పూసి సృష్టించాలని చూడకు, పూసినది పూసినట్టే తెలిసిపోతుంది. గౌనును నిజంగానే లోతైన మడతతో కుట్టించి, పదిసార్లు ఉతికించి, ఎండలో ఆరబెట్టించి, మడత అంచును సన్నని గరుకు కాగితంతో రుద్ది, ఆ తరువాత విప్పించు. రెండు వారాల పని కనుక, షూటింగు షెడ్యూలు చేతికి రాగానే మొదలుపెట్టు.

అల్లిన బట్టలకూ ఇటువంటి చరిత్రే ఉంటుంది. పెద్దవాడి పాత స్వెట్టరు విప్పి, ఆ ఊలును తడిపి సాగదీసి ఆరబెట్టి, చిన్నవాడికి మళ్లీ అల్లేవారు. ఊలు చాలకపోతే మోచేతుల దగ్గర నుంచో నడుము పట్టీ దగ్గర నుంచో మరో రంగు కలిసేది. ఈ రోజు మనం ముచ్చటపడే చారల స్వెట్టర్లలో చాలావాటికి ఆ చారలు అలా వచ్చినవే. యంత్రం మీద అల్లిన దానిని కొని పెడితే దూరం నుంచి చెల్లుతుంది, దగ్గరి షాట్‌లో చెల్లదు. చేత్తో అల్లేవారిని ఇద్దరిని ముందే మాట్లాడుకో.

కుటుంబంలో ఎవరి తరువాత ఎవరు పుట్టారో ఒక కాగితం మీద రాసుకుని గోడకు అంటించు. అక్క గౌను చెల్లికి చేరడం అందరికీ తోస్తుంది. కవలలు ఉన్న ఇంట్లో ఏం జరుగుతుందో ఆలోచించు: ఇద్దరికీ ఒకే తానులోంచి రెండు గౌన్లు కుడతారు, వాళ్ల తరువాతి పిల్ల మొదట ఒకటి, అది చిరిగాక రెండవది తొడుగుతూ అదే పువ్వుల గుడ్డను ఏళ్ల తరబడి మోస్తుంది. ప్రేక్షకుడికి ఈ లెక్క ఎవరూ చెప్పకపోయినా, అది ఒక నిజమైన ఇల్లని అతనికి అనిపించేది ఇటువంటి వాటివల్లనే.

ఏ వస్తువు ఎలా ఉండేదో నీకు పాత ఫొటోల్లో దొరుకుతుంది కనుక ముఖ్యమైనవే చెబుతాను. పల్లె మగపిల్లలు పదకొండు పన్నెండేళ్లు వచ్చేదాకా చలికాలంలో సైతం మోకాలి పైకి ఉండే బూడిదరంగు పొట్టి నిక్కర్లే తొడిగేవారు. పాము ఆకారపు కొక్కెం ఉన్న సాగే బెల్టు, జారిపోయే ఊలు మేజోళ్లు, వాటిని ఆపే ఎలాస్టిక్ పట్టీలు తప్పనిసరి. వెల్లింగ్టన్ బూట్లు అనే పొడవాటి రబ్బరు బూట్లు వాన రోజు ఒక్కటే కాదు, బురద ఉన్న ప్రతిరోజూ వేసుకునేవారు. వాటి అంచు రాసుకుని పిక్కల మీద పడే ఎర్రటి గుర్తు గురించి మేకప్ విభాగానికి తప్పకుండా చెప్పు. ఆడపిల్లలకు వేసవిలో నూలు గౌన్లు, పొట్టి మేజోళ్లు, చలికాలంలో గౌను లోపల రబ్బరు గుండీలున్న లిబర్టీ బాడీస్ అనే మెత్తని పైలోదుస్తు. అది తెర మీద కనబడకపోయినా పిల్ల ఛాతీ దగ్గర గౌను కూర్చునే తీరును మారుస్తుంది కనుక కనీసం దగ్గరి సన్నివేశాలకు వేయించు. చర్చికి వేసుకునే ఆదివారం బట్టలు వేరు. వాటిని మిగతా రోజుల్లో బీరువాలోంచి బయటికి రానివ్వకు.

రంగుల విషయంలో భయపడకు. ఆ కాలపు ఫొటోలు నలుపు తెలుపుల్లో ఉన్నందువల్ల చాలామంది అందరికీ మట్టిరంగులే వేస్తారు, కాని ఆనాటి నూలు అచ్చుగుడ్డల్లో చక్కని ఎరుపులు, పసుపులు ఉండేవి. పైగా ప్రతి పల్లె కుటుంబమూ పేదది కాదు. బ్రిటిష్ టీవీ ఛానెల్ ఐటీవీలో 1991 నుంచి 1993 వరకు వచ్చిన ‘ది డార్లింగ్ బడ్స్ ఆఫ్ మే’ ధారావాహికలోని లార్కిన్ కుటుంబం కెంట్‌లోనే ఉంటుంది, చేతినిండా డబ్బు ఆడే ఇల్లు, పిల్లలకు ఏ లోటూ లేదు. మీ కథలోని ఇల్లు అటువంటిదైతే అతుకులు తగ్గించు, మట్టి మరకలు మాత్రం తగ్గించకు. లండన్‌లో కార్మికులు ఉండే ఈస్ట్ ఎండ్ నుంచి సెప్టెంబరులో, బీరు తయారీకి వాడే హాప్ కాయలు కోయడానికి వచ్చే కుటుంబాల పిల్లలు కూడా ఉంటే, ఊరి పిల్లలకూ వాళ్లకూ మధ్య తేడా బూట్లలోనూ కోట్లలోనూ చూపించు. హాప్ రసం అంటి చేతులూ చొక్కా చివర్లూ నల్లబడతాయని మరచిపోవద్దు.

హాస్యం కోసం పిల్లల బట్టలను వెక్కిరింతగా మార్చమని ఎవరైనా అడిగితే మర్యాదగా కాదను. రెండు సైజులు పెద్దదైన కోటు ఆ తల్లికి నవ్వులాట కాదు, మూడేళ్లు రావాలని ఆమె వేసుకున్న లెక్క. ఆ కోటును బిడ్డ మామూలుగా మోస్తేనే నవ్వు సహజంగా వస్తుంది.

ఇక ఆ బట్టల్లో ఉండేది ఈనాటి పిల్లలు. నేను పనిలో కొత్తగా చేరినప్పుడు, అసలైన పాత ఊలు చొక్కా అని మురిసిపోయి లైనింగ్ లేకుండానే ఒక ఏడేళ్ల బాబుకు తొడిగాను. మధ్యాహ్నానికి వాడి మెడంతా దద్దుర్లు. వాడు ఏడవలేదు, పని పోతుందేమోనని ఓర్చుకున్నాడు. ఆ సంగతి నన్ను ఈనాటికీ బాధపెడుతుంది. అందుకే పాత బట్టలను నమూనాలుగా మాత్రమే వాడు, కాలర్లకూ కఫ్‌లకూ మెత్తని నూలు లైనింగ్ వేయించు, దురద ఉందా అని ప్రతి బిడ్డనూ నీవే అడుగు. ఒకరు అరగదీసిన చెప్పులు మరో బిడ్డ పాదానికి ఎన్నడూ వేయకు, కొత్తవి కొలత తీసి కొని పైపైన పాతబరచు. వేసవి సన్నివేశాలు చలిలో తీస్తారు కనుక చొక్కాల లోపల పలచని వెచ్చని బనియన్లకు చోటు వదులు. బురదలో పడే పిల్లవాడికి ఒకే బట్ట మూడు జతలుండాలి, మూడూ ఒకేలా అరిగి ఉండాలి.

పిల్లల కొలతలు తీసిన రోజునే వాళ్ల వయసుల క్రమంతో కలిపి నాకు పంపు. ఎవరి గౌను ఎవరికి దిగుతుందో, ఎక్కడ ఎన్ని అంగుళాలు మడవాలో ఇద్దరం కూర్చుని రాసుకుందాం. కవలల గుడ్డ కొనే ముందు ఒక ముక్క పోస్టులో పంపితే, అది ఉతుకులకు ఎలా వెలుస్తుందో ఇక్కడ ఉతికి చూస్తాను.

ఇట్లు,
నీ మేలు కోరే
అత్తయ్య