బొమ్మలు వేసే నాయనమ్మను గుర్తుపెట్టుకోవాలంటే ఎక్కడ వెతకాలి?

మీ నాయనమ్మ పోయి ఏడాది కావస్తోందనీ, ఆమె చీరల మీదా పెళ్లి పీటల మీదా వేసిన బొమ్మలు ఇంట్లో పెద్దగా మిగల్లేదనీ, పిల్లలకు ఆమె జీవితం తెలిసేలా ఏం చేయాలనీ అడిగారు. మా ఇంట్లోనూ ఇదే జరిగింది కాబట్టి చెబుతున్నా. బీరువాలోని చీరలతో మొదలుపెట్టకండి. ముందు ఆమె ట్రేసింగ్ కాగితాలు వెతకండి, తర్వాత ఊళ్లోవాళ్ల పెళ్లి ఆల్బమ్‌లు అడిగి చూడండి.

మా జేజి, అంటే నాన్న వాళ్లమ్మ, కోవూరు దగ్గర పల్లెలో ఉండేది. వెంకటగిరి చీరల కొంగు మీద నేసిన నెమళ్లు, చిలకలు, మామిడి పిందెలు చూసి ముందు అరుగు మీద బొగ్గుతో గీసుకునేది, నచ్చితే బటర్ పేపర్ మీదకి ఎక్కించేది. ఆ కాగితం కింద దుప్పటి మడిచి వేసి, గీత వెంబడే సూదితో దగ్గర దగ్గరగా పొడిచేది. తర్వాత దాన్ని చీర మీద పరిచి, రేషన్ కిరసనాయిల్లో నీలిమందు కలిపి, అందులో ముంచిన దూదితో రుద్దితే బెజ్జాల్లోంచి నీలం చుక్కలు గుడ్డ మీదకి దిగేవి. దూది తడి ఎక్కువైతే చుక్కలు అలుక్కుపోతాయి, అందుకే మా అత్తను "బాగా పిండి రుద్దు మే, చీర మనది కాదు" అని అదిలించేది. రంగులు వేసి ఆరాక వెనకవైపు నుంచి ఇస్త్రీ.

చీరలు ఎవరివి వాళ్లు తీసుకుపోయారు గానీ ఆ కాగితాలు ట్రంకు పెట్టె అడుగున అలాగే ఉన్నాయి. మూలన పెన్సిలుతో, ఆమెకొచ్చిన గుండ్రటి అక్షరాల్లో, ఎవరి కోసం వేసిందో రాసుకుంది: "రెండో కోడలి సీమంతం", "టీచరమ్మ చీర". ఒక నెమలికి తోక సగం వరకే పొడిచి ఉంది. తాత ఆసుపత్రిలో ఉన్నప్పటిదట అది, అత్త చూడగానే చెప్పింది. ఇలా ఒక్కో కాగితం పట్టుకుని అడుగుతూ పోతే ఆమె జీవితం దాదాపు వరసగా వచ్చేసింది. మీకు దొరికితే మాత్రం లామినేషన్ చేయించకండి, బెజ్జాలు మూసుకుపోతాయి, మళ్లీ ఆ డిజైన్ గుడ్డ మీద వేసుకోవడానికి పనికిరాదు. తెల్లకాగితాల మధ్య మడత పెట్టకుండా ఉంచండి, ఫొటో తీసేటప్పుడు కిటికీ అద్దానికి ఆనించి వెలుతురుకి ఎదురుగా తీయండి, ప్రతి పోటూ కనిపిస్తుంది.

ఇక పెళ్లికూతురి చేతికిచ్చే కొబ్బరి బోండాం. చుట్టుపక్కల పెళ్లిళ్లకు దాని మీద బొమ్మలు ఆమే వేసేది. శ్రీకాళహస్తిలో కలంకారీ వాళ్లు వెదురు పుల్ల చివర గుడ్డ చుట్టి దారంతో కట్టుకునే కలం చూసి వచ్చి, అలాంటిదే చేసుకుని దాంతోనే సన్న గీతలు లాగేది. బోండాం ఎవరూ దాచిపెట్టుకోరు కదా, అందుకే ఆల్బమ్‌లు చూడాలంటున్నా. తలంబ్రాల ఫొటోల్లో కాదు, పెళ్లికూతుర్ని మండపానికి తీసుకొచ్చే ఫొటోల్లో వెతకండి.

నా దృష్టిలో అన్నింటికంటే విలువైనది ఆ ఆల్బమ్ తిరగేస్తూ ఆ ఇంటివాళ్లు చెప్పే మాట. మా ఇంట్లో జేజి బొమ్మలను సరదా అనే చెప్పుకునేవాళ్లు. ఒక పెద్దావిడ మాత్రం తన పెళ్లి ఫొటో చూపిస్తూ, "బోండాంకీ పీటలకీ డబ్బులిచ్చాం, ఊరికే ఎందుకు చేస్తది, ఆ డబ్బుల్తోనే మీ చిన్నత్త కాలేజీ ఫీజు కట్టింది" అంది. చిన్నత్తకే తెలియదు ఆ సంగతి! ఫోన్లో ఆ మాటలు విని చాలాసేపు ఏడ్చింది. మేము జేజి గురించి రాసిన నోటుబుక్కులో మొదటి పేజీ అదే.

కాబట్టి మీ ఊళ్లో ఆమె చేత వేయించుకున్నవాళ్లను ఈ వేసవిలోనే కలవండి, పెద్దవాళ్లు కదా, ఆలస్యం వద్దు. బాగా వేసేదా అని అడిగితే అందరూ బాగుండేది అని ఊరుకుంటారు. ఎంత తీసుకునేది, రంగులు ఎవరు తెచ్చేవాళ్లు, ఏది వేయనని తేల్చి చెప్పేది, ఇలా అడగండి.