సుద్దకొండ ఎక్కబోయే ముందు

చిన్నీకి, బాబాయి ఆశీస్సులు.

వచ్చే శనివారం స్నేహితులతో లండన్‌కి దక్షిణాన ఉన్న బాక్స్ హిల్ కొండకి వెళ్తున్నానన్నావు. పైన వ్యూపాయింట్ దగ్గర నాలుగు ఫొటోలు తీసుకుని దిగొచ్చేస్తామన్నావు. ఆ మాట విని ఊరుకోలేక రాస్తున్నాను. ఇంగ్లండులో ఈ క్రాయిడన్ వచ్చిన కొత్తలో నేనూ అంతే చేశాను. చూడాల్సింది దూరాన కాదు, నా కాళ్ళ కిందే ఉందని తెలియడానికి ఆరేళ్ళు పట్టింది. నీకు అంత ఆలస్యం కాకూడదు.

కారు వద్దు. రైల్లో వెళ్ళి బాక్స్ హిల్ అండ్ వెస్ట్‌హంబుల్ స్టేషన్లో దిగు. బర్ఫర్డ్ స్పర్ అనే గడ్డి గట్టు మీదుగా ఎక్కు. కొండ ఎత్తు 224 మీటర్లే, తొందరేం లేదు. వాన పడితే మాత్రం తెల్లగా తేలిన బాట సబ్బులా జారుతుంది. పట్టున్న బూట్లు వేసుకో. మొదటిసారి మామూలు చెప్పులతో వెళ్ళి జారిపడితే నా మణికట్టు నెలరోజులు నొప్పిపెట్టింది.

సగం ఎక్కాక బాట మీద ఒక తెల్ల రాయి తీసి గోటితో గీయి. గీత పడుతుంది, వేళ్ళకి తెలుపు అంటుతుంది. మన పల్నాటి నాపరాయీ సున్నపురాయే కానీ, దాన్ని గీస్తే గోరే అరుగుతుంది. ఇది సుద్ద. సుమారు 9 కోట్ల ఏళ్ళ కిందట ఇక్కడ సముద్రం ఉండేది. కంటికి ఆనని నాచు జీవుల పెంకులు అడుగున పేరుకుపేరుకుని ఇంత కొండైంది. మధ్యమధ్య నల్లగా, గాజులా మెరిసేవి చెకుముకి రాళ్ళు. పగిలిన అంచు చెయ్యి కోస్తుంది, జాగ్రత్త.

ఇప్పుడు కూర్చో. కూర్చునే ముందు అరచేత్తో నేల తడిమి చూడు. కాడే లేకుండా నేలకి అంటుకుని ఉండే ముళ్ళ మొక్క ఒకటుంది, గడ్డిలో కనపడదు. చోటు దొరికాక, నీ ముందున్న రెండు జానల నేలని పది నిమిషాలు కదలకుండా చూడు. నువ్వు ఇంకేం చేసినా చేయకపోయినా, ఇది చెయ్యి.

మన పొలంలో నేల ఎంత బలంగా ఉంటే అంత పంట. ఇక్కడ లెక్క తిరగబడుతుంది. సుద్ద మీద మట్టి పొర పలచన, నీరు నిలవదు, సారం తక్కువ. అందుకే ఏ ఒక్క గడ్డీ ఏపుగా పెరిగి మిగతావాటిని అణగదొక్కలేదు. మంచి చోట ఒక్క చదరపు మీటరులోనే 40 రకాల మొక్కలు సర్దుకుని బతుకుతాయి. ఒక ఆకుని తెంపకుండా వేళ్ళతో నలిపి చూడు, కీరా దోసకాయ వాసన వస్తే అది సలాడ్ బర్నెట్. ఇంకోటి మన మరువానికి దాయాది, పిజ్జా మీద చల్లే ఒరెగానో ఆ మొక్కే.

జూన్ మొదటివారం కాబట్టి అడోనిస్ బ్లూ సీతాకోకలు ఎగురుతుండాలి. మగవాటి నీలం ఎండలో కళ్ళు చెదిరేలా ఉంటుంది. లోయకి అవతల డెన్‌బీస్ హిల్‌సైడ్ మీద ఇంకా బాగా దొరుకుతాయి. దాని గొంగళిపురుగు తినేది ఒకే మొక్కని, గుర్రపు లాడంలాంటి కాయలు కాసే హార్స్‌షూ వెచ్‌ని. ఆ పురుగు ఒంటినుంచి ఊరే తీపి ద్రవం కోసం చీమలు దాన్ని కాపలా కాస్తాయి, రాత్రిపూట మట్టి కప్పి దాస్తాయి. గడ్డి పొట్టిగా ఉండి నేలకి ఎండ తగిలితేనే ఈ కాపురం సాగుతుంది.

ఆ గడ్డిని పొట్టిగా ఉంచేది మేత. వేల ఏళ్ళు గొర్రెలు, తర్వాత కుందేళ్ళు. 1953లో కుందేళ్ళకి మిక్సొమటోసిస్ రోగం వచ్చి దేశమంతా చచ్చిపోయాయి. గడ్డి పెరిగింది, ముళ్ళ పొదలు లేచాయి, ఈ నీలం సీతాకోకలు చాలా కొండల మీద మాయమయ్యాయి. ప్రకృతిని దాని మానాన వదిలేస్తే మంచిదనే మాట ఈ కొండకి నప్పదు. నడుం చుట్టూ తెల్ల పట్టీ ఉన్న నల్ల ఆవులు కనిపిస్తే దూరంగా తప్పుకుని నడవండి, వాటిని కదిలించకండి. అవి అక్కడ పనిలో ఉన్నాయి.

ఇక పులిహోర తీసుకెళ్ళండి, తినండి. మిగిలింది మట్టిలో కలిసిపోతుంది కదా అని పారేయకండి. ఆ మట్టికి మనం పెట్టే బలమే హాని. స్నేహితురాలు కుక్కని తెస్తానందట, దాని మలం సంచిలో ఎత్తి వెంట తెచ్చెయ్యమను. పూలు కోయొద్దు. ఒక ఏడు మీ పిన్ని పూజకని గులాబిరంగు ఆర్కిడ్లు గుప్పెడు కోసుకొచ్చింది. ఆ గింజ ధూళికణమంత, నేలలోని ఒకరకం బూజు తోడు దొరికితేనే మొలుస్తుందనీ, పూయడానికి ఏళ్ళు పడుతుందనీ తర్వాత చదివి, ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు. ఇప్పుడు వాటి పక్కన కూర్చుని దణ్ణం పెట్టుకుని వస్తుంది.

నవంబరులో పొదలు కొట్టే పనికి నేను వెళ్తాను. నువ్వూ రా. చేతి తొడుగులు నీకు కూడా ఒక జత తెస్తాను.

మీ బాబాయి