పాఠకుల ప్రశ్నలు: ‘ది ఐ ఆఫ్ ది వరల్డ్’ చదివినవారి సందేహాలు

రాబర్ట్ జోర్డన్ రాసిన ‘ది వీల్ ఆఫ్ టైమ్’ నవలా శ్రేణిలో మొదటి నవల ‘ది ఐ ఆఫ్ ది వరల్డ్’ 1990 జనవరిలో వెలువడింది. దాని మీద అభిప్రాయాలు పంపమని కోరితే పాఠకులు రెండు పక్షాలుగా చీలిపోయారు. ఇంతకంటే మంచి ఆరంభం ఏ ఫాంటసీ శ్రేణికీ లేదన్నవారు ఒకవైపు, సగంలోనే వదిలేశామన్నవారు మరోవైపు నిలిచారు. ఆ ఉత్తరాల్లో తరచుగా కనిపించిన ప్రశ్నలకు ఇక్కడ జవాబులిస్తున్నాము. ముగింపును ప్రస్తావించిన చోట ముందుగా హెచ్చరించాము.

ప్రశ్న: పన్నెండు అధ్యాయాలు చదివి పక్కన పెట్టాను. మారుమూల పల్లె యువకులు, వారిని వెతుక్కుంటూ వచ్చే నల్లని రౌతు, రాత్రికి రాత్రి పలాయనం, వెంట మంత్రశక్తి గల ఒక మార్గదర్శి. ఇదంతా టోల్కీన్ ‘ది ఫెలోషిప్ ఆఫ్ ది రింగ్’లో చదివినదే కదా? అనుకరణకు ఇంత పేరు ఎందుకు వచ్చింది?

జవాబు: మీరు చూపిన పోలికలు నిజమే. వాటికి మరికొన్ని కలపవచ్చు కూడా. 1954 నాటి ఆ నవలలో నల్లని రౌతును ఒడ్డున వదిలేసి పడవ దాటినట్టే ఇక్కడా ఒక రేవు దాటతారు. అక్కడి సత్రానికి ఇక్కడొక సత్రం ఉంది. రాజ్యం దక్కని రాజవంశీకుడికి జోడీగా ఇక్కడ మార్గదర్శి వెంట ఉండే యోధుడు లాన్ ఉన్నాడు. జోర్డన్ దీన్ని దాచుకోలేదు. మొదటి భాగం పాఠకుడికి తెలిసిన నేలలా అనిపించాలని కావాలనే అలా రాశానని ఆయనే చెప్పారు. 1977లో వచ్చిన టెర్రీ బ్రూక్స్ నవల ‘ది స్వోర్డ్ ఆఫ్ షనారా’ టోల్కీన్ కథాక్రమాన్ని చాలా దూరం అనుసరించి కూడా విపరీతంగా అమ్ముడుపోయింది. ఆ బాటలో నడిచే నవలలకు పాఠకులు సిద్ధంగా ఉన్న కాలమది. కాబట్టి జోర్డన్‌ను అడగవలసింది ఎక్కడ మొదలుపెట్టారని కాదు, ఆ బాటను ఎక్కడ విడిచారని.

మీరు చదివిన భాగంలోనే తొమ్మిదో అధ్యాయం ఉంది. సగం మనిషి, సగం మృగం అయిన ట్రోలోక్‌లు ఊరి మీద పడి ఇళ్లు తగలబెట్టిన మరునాడు, గాయపడినవారిని రాత్రంతా బతికించిన ఆ మార్గదర్శి మ్వారేన్ మీదికే ఊరివాళ్లలో కొందరు దివిటీలు పట్టుకుని వస్తారు. ఆమె వారికి ఒక కథ చెబుతుంది. వారు నిలబడిన నేల మీదే ఒకప్పుడు ఒక రాజ్యం ఉండేదనీ, దాని రాజూ ప్రజలూ వెనక్కి తగ్గకుండా పోరాడి నశించారనీ, ఆ రక్తమే వారిలో ప్రవహిస్తున్నదనీ చెబుతుంది. తమ చరిత్ర తమకే తెలియని ఆ జనం సిగ్గుతో ఒక్కొక్కరే వెనుదిరుగుతారు. ఈ ఘట్టానికి మూలం టోల్కీన్‌లో దొరకదు. టోల్కీన్ కథలో దారి చూపే మాంత్రికుడు గాండాల్ఫ్ దారి తప్పవచ్చునేమో గాని అతని మనసులో ఏముందన్న అనుమానం పాఠకుడికి రాదు. మ్వారేన్ విషయంలో ఆ అనుమానం నవల పొడుగునా వెంటాడుతుంది. ఆమె ఐజ్ సెడాయ్ అనే స్త్రీల వర్గానికి చెందినది. వారు అసత్యం పలకమని ప్రమాణం చేసినవారే గాని, నిజాన్ని ఏ వరుసలో పేరిస్తే వినేవాడు పొరబడతాడో బాగా ఎరిగినవారు. ప్రాణాలు కాపాడిన మనిషినే నమ్మలేకపోవడం ఈ నవలకు అసలు ఇరుసు. ఇరవయ్యో అధ్యాయంలో షడార్ లోగాథ్ అనే శిథిల నగరం నుంచి తప్పించుకునే తొందరలో బృందం మూడు ముక్కలవుతుంది. అక్కడి నుంచి టోల్కీన్ నీడ పలచబడుతుంది. మీరు ఎనిమిది అధ్యాయాల ముందు ఆగిపోయారు.

ప్రశ్న: కాలం చక్రంలా తిరగడం, యుగాలు మళ్లీ మళ్లీ రావడం, చనిపోయిన వీరుడు మళ్లీ పుట్టడం మన పురాణాల నుంచి తీసుకున్నవే అనిపించింది. దీన్ని మన కథగా చదువుకోవచ్చునా?

జవాబు: చదువుకోవచ్చు. అయితే పోలిక ఎక్కడ తెగిపోతుందో కూడా చూడాలి, ఎందుకంటే నవలలోని భయమంతా ఆ తెగిన చోటే ఉంది. జోర్డన్ చక్రానికి ఏడు ఆకులున్నాయి, ఒక్కొక్క ఆకు ఒక్కొక్క యుగం. మన నాలుగు యుగాల లెక్కలో ధర్మం ఒక్కొక్క పాదం చొప్పున క్షీణిస్తూ పోతుంది. ఆయన ఏడు యుగాలకు అటువంటి దిగుడు మెట్ల వరుస లేదు. పునర్జన్మ ఉంది గాని కర్మఫలం అనే లెక్క లేదు. చక్రం తన నేతకు ఏ పోగు కావాలో దాన్ని మళ్లీ బయటికి తీస్తుంది, అంతే. ఆ మనిషి పుణ్యం చేశాడా, పాపం చేశాడా అని అడగదు.

అన్నిటికంటే పెద్ద తేడా మరొకటి. అవతార పురుషుడు వస్తాడంటే మన కథల్లో జనం ఆశతో ఎదురుచూస్తారు. ఈ నవలలో డ్రాగన్ అనే వీరుడు మళ్లీ పుడతాడంటే జనం వణికిపోతారు. కారణం నాందిలోనే తెలుస్తుంది. చీకటి ప్రభువును బంధించిన వీరుడే పిచ్చెక్కి, తన భార్యాబిడ్డలను తన శక్తితోనే చంపుకుని, ఆ సంగతి తెలియకుండా వారిని పేరుపేరునా పిలుస్తూ శిథిలమైన భవనంలో తిరుగుతుంటాడు. ఆ బంధించే వేళ పురుషులు వాడే శక్తి కలుషితమైపోయింది. అప్పటి నుంచి దాన్ని తాకిన మగవాడికి మతి చలించడం తథ్యం. అలాంటి మగవారే ఒకనాడు లోకాన్ని ఛిన్నాభిన్నం చేశారు. కనుక మళ్లీ పుట్టే రక్షకుడు లోకాన్ని కాపాడేవాడు మాత్రమే కాదు, దాన్ని మరోసారి ముక్కలు చేసేవాడు కూడా. ఊరి తలుపు మీద అతని గుర్తు గీస్తే అది నింద, వరం కాదు. యుగచక్రం మనకు పరిచయమే గనుక ఈ భాగం తేలికగా అర్థమవుతుందని చాలామంది రాశారు. మా అనుభవం కొంచెం వేరు. పరిచయం ఉన్నందువల్లే మనం అవతార కథ అనుకుని ముందుకు సాగిపోతాము, ఆ భయాన్ని ఆలస్యంగా పట్టుకుంటాము. రెండో పఠనంలో నాంది మరింత బాగుంటుందన్న పాఠకులతో మేము ఏకీభవిస్తున్నాము.

ప్రశ్న: ఇంత పొడవు అవసరమా? సుమారు మూడు లక్షల పదాలు! సత్రం తర్వాత సత్రం, గడ్డివాము తర్వాత గడ్డివాము.

జవాబు: అంత అవసరం లేదు. బృందం విడిపోయాక కథానాయకుడు ర్యాండ్, అతని స్నేహితుడు మ్యాట్ ఇద్దరూ కేమ్లిన్ నగరం వైపు సాగించే ప్రయాణంలో ఒకే రకమైన ప్రమాదం పలుమార్లు ఎదురవుతుంది. పైగా ఒక దశలో కథనం వెనక్కి వెళ్లి మళ్లీ ముందుకు రావడంతో ఏది ముందు జరిగిందో తెలియక పాఠకుడు తికమకపడతాడు. వరుసగా నిద్రలేని రాత్రులు గడిపిన మనిషి మనసు అలాగే ఉంటుందని సమర్థించేవారున్నారు. ఆ సమర్థన కొంతవరకు నిలుస్తుంది. అయినా కత్తెర పడవలసిన పేజీలు కత్తెర పడవలసినవే.

మొదట్లో ఎమండ్స్ ఫీల్డ్ గ్రామంలో గడిచే నిదానపు అధ్యాయాలను మాత్రం మేము తప్పుపట్టము. అక్కడ ఒక్కొక్కరి ఇల్లూ, పేచీలూ, పండుగ హడావిడీ తెలియకపోతే తర్వాత ర్యాండ్ పోగొట్టుకున్నదేమిటో మనకు తెలియదు.

ప్రశ్న: మ్యాట్ నాకు నచ్చలేదు. శ్రేణి అభిమానులకు అతడే ఎందుకంత ఇష్టుడు?

జవాబు: ఈ నవల ఎక్కువ భాగం ర్యాండ్ కళ్లతో సాగుతుంది. విడిపోయిన తర్వాత అదే ఊరి యువకుడు పెరిన్, ఊరి వైద్యురాలు నైనీవ్‌ల వైపు నుంచి కూడా కొంత చూస్తాము. మ్యాట్ మనసులోకి మనల్ని ఒక్కసారి కూడా పోనివ్వరు. దానికి తోడు నవలలో చాలా భాగం అతడు ఒక చెడ్డ వస్తువు ప్రభావంలో ఉంటాడు. అతని వైపు నుంచి కథ వినిపించేది 1991 నాటి మూడో నవలలో. అప్పటిదాకా తీర్పు వాయిదా వేయండి.

ప్రశ్న: శక్తి అంతా స్త్రీల చేతిలో ఉన్న లోకాన్ని సృష్టించిన రచయిత, స్త్రీ పాత్రలను ఎప్పుడూ చిరాకుపడేవారిగా ఎందుకు చూపించారు?

జవాబు: సగం ఒప్పుకుంటాము. మంత్రశక్తిని నిర్భయంగా వాడగలిగేది స్త్రీలే కావడం వల్ల రాజ్యాలు, కొలువులు, గ్రామసభలు అన్నీ వేరుగా నడుస్తాయి. ఆ మార్పును జోర్డన్ అడుగడుగునా ఆలోచించి అల్లారు. ఊళ్లో మగవారి సభ ఒకటి, స్త్రీల సభ ఒకటి ఉండి ఒకరినొకరు దాటలేకపోవడం ఎంతో చమత్కారంగా ఉంటుంది. నైనీవ్ ఒంటరిగా జాడ పట్టుకుంటూ బృందాన్ని చేరుకున్నప్పుడు, ఎవరినీ తేలిగ్గా మెచ్చుకోని లాన్ కూడా ఆమె నేర్పును గుర్తిస్తాడు. అయితే ఆడవారికి మగవారు అర్థం కారు, మగవారికి ఆడవారు అర్థం కారు అన్న ఒకే హాస్యాన్ని ఆయన అరగదీశారు. మొదటి నవలలో అది భరించదగినంతే ఉంటుంది. తర్వాతి వాటిలో పెరుగుతుంది.

ప్రశ్న: చివరి అధ్యాయాల్లో ఏం జరిగిందో రెండుసార్లు చదివినా స్పష్టంగా లేదు. లోపం నాదా, రచయితదా?

జవాబు: ముగింపు చదవనివారు ఈ జవాబును దాటిపోవాలి. లోపం ప్రధానంగా రచయితదే. నలభై అధ్యాయాలు దాటేవరకు పాత్రలన్నిటి గమ్యం ఐజ్ సెడాయ్‌ల కేంద్రమైన టార్ వాలోన్ నగరం. అక్కడికి చేరితే ఏదో తేలుతుందని పాఠకుడు ఎదురుచూస్తుంటాడు. ఆ తర్వాత, మొత్తం 53 అధ్యాయాల్లో ఐదో వంతు కాస్త ఎక్కువ మాత్రమే మిగిలి ఉండగా, గమ్యం ఒక్కసారిగా శీర్షికలోని ఆ ‘కన్ను’ వైపు మళ్లుతుంది. కొత్త చోటు, కొత్త శత్రువులు, వారి పూర్వ చరిత్ర అన్నీ ఒకేసారి మీద పడతాయి. అంతిమ ఘట్టంలో కథానాయకుడు తాను ఏం చేస్తున్నాడో తనకే తెలియకుండా చేస్తాడు. మనం అతని కళ్లతోనే చూస్తాము గనుక మనకూ తెలియదు. ఆ శక్తి ఎలా పనిచేస్తుందన్న నియమాలు తర్వాతి నవలల్లో వివరమవుతాయి, అవి చదివి వెనక్కి వస్తే చాలావరకు అర్థమవుతుంది. కాని ఒక నవల ముగింపు అర్థం కావడానికి మరో నవల కావలసిరావడాన్ని గుణంగా చెప్పలేము.

ప్రశ్న: పూర్వకథగా వచ్చిన ‘న్యూ స్ప్రింగ్’ ముందు చదవాలా?

జవాబు: వద్దు. అది 2004లో, పది నవలలు వెలువడిన తర్వాత వచ్చింది. ముందుగా చదివితే మ్వారేన్ ఎవరు, ఏం వెతుకుతున్నది అన్న సంశయం ఆవిరైపోతుంది. మొదటి నవలను నిలబెట్టేది ఆ సంశయమే.

ప్రశ్న: 2021లో వచ్చిన ప్రైమ్ వీడియో సిరీస్ చూశాను. నవల చదవాల్సిన అవసరం ఉందా?

జవాబు: రెండూ వేరు. తెర మీద మ్వారేన్ కథకు కేంద్రం, యువకుల వయసు పెంచారు, మళ్లీ పుట్టిన వీరుడు ఎవరన్న ప్రశ్నను అమ్మాయిల వరకూ విస్తరించి దాచిపెట్టారు. పెరిన్‌కు నవలలో లేని భార్యను కల్పించారు. చూసినవారికి కూడా నవల కొత్తగానే ఉంటుంది.

ప్రశ్న: పూర్తికాని శ్రేణులతో విసిగిపోయాను. ఇది పూర్తయిందా?

జవాబు: పూర్తయింది. జోర్డన్ 2007 సెప్టెంబరులో మరణించారు. ఆయన సిద్ధం చేసుకున్న వివరాల ఆధారంగా బ్రాండన్ శాండర్సన్ చివరి మూడు నవలలు రాశారు. 14వ నవల 2013 జనవరిలో వచ్చింది. అయితే ఈ కారణంతో 14 నవలలూ ఒకేసారి కొనవద్దు. రెండో నవల ‘ది గ్రేట్ హంట్’ కూడా 1990లోనే వచ్చింది. మొదటి దాని తొందర ముగింపు కంటే దాని ముగింపు ఎంతో పటిష్ఠంగా ఉంటుంది. ఆ రెండూ చదివాక నిర్ణయించుకోవచ్చు.

ప్రశ్న: పేర్లు గుర్తుండడం లేదు. ఏం చేయాలి?

జవాబు: నవల చివర పదకోశం ఉంది, ఉచ్చారణతో సహా. మొదట్లో పటం వేశారు. పదకోశాన్ని వరుసగా చదవకుండా, పేరు ఎదురైనప్పుడు మాత్రమే తిప్పి చూడండి. ఇంకా చదవని అధ్యాయాల సంగతులు అందులో ముందే కంటపడవచ్చు.